స్విమ్మింగ్ పూల్ రోజుకి అంగుళం దిగిపోతోంది, టైల్స్ అన్నీ పగలగొట్టాల్సిందేనా?

నిజాంపేట_సెక్రటరీ

అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్ నిజాంపేట వైపు 96 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్, తొమ్మిదేళ్ల కిందట కట్టింది. ఈ ఏడాది అసోసియేషన్ సెక్రటరీ పదవి నా నెత్తిన పడింది (మీటింగ్‌కి రాని వాళ్లనే ఎన్నుకుంటారని నాకు అప్పటిదాకా తెలీదు).

విషయం ఏంటంటే, మా పూల్ 12 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, లోతు అంతటా నాలుగు అడుగులే. నేల మీద కాదు, సెల్లార్ పార్కింగ్ పైన స్లాబ్ మీద ఉంది. మార్చి నుంచి నీళ్లు రోజుకి అంగుళం పైనే దిగిపోతున్నాయి. ఎండలకి ఆవిరైపోతోందిలే అని మొదట వదిలేశాం, బోరు కూడా ఎండిపోయాక మూడు రోజులకో 5 వేల లీటర్ల ట్యాంకర్ పూల్‌కే పోయించాల్సి వస్తోంది, ఇంట్లో వాడుకోడానికే నీళ్లు చాలక చస్తుంటే ఈతకి ట్యాంకరా అని వాట్సాప్ గ్రూపులో రోజూ నాకు అక్షింతలు. పైగా సెల్లార్‌లో ఒక బీమ్ పక్క నుంచి చుక్కలు పడుతున్నాయి, ఆ స్లాట్‌లో కారు పెట్టుకునే ఆయన రోజూ ఫొటోలు తీసి పెడుతున్నాడు.

ఇద్దరిని పిలిపించాం. మొదటాయన పది నిమిషాలు చుట్టూ తిరిగి, టైల్స్ అన్నీ తీసేసి మళ్లీ వాటర్‌ప్రూఫింగ్ చేయాలి, 9.5 లక్షలు అన్నాడు. రెండో వాళ్లు నీళ్లన్నీ తీసేసి యాసిడ్ వాష్ చేసి టైల్స్ మధ్య సందుల్లో గ్రౌట్ కొత్తగా నింపుతాం, 1.8 లక్షలు, కానీ లీక్ ఆగుతుందని గ్యారంటీ ఇవ్వం అన్నారు. అసలు లీక్ ఎక్కడ ఉందో ఇద్దరిలో ఒక్కరూ చెప్పలేదు. పూల్ చుట్టూ నీటి అంచు దగ్గర తెల్లటి గార కూడా పట్టింది, అది వేరే గోల. ఏం చేయమంటారు?

పంపురూమ్_బాబాయ్

సెక్రటరీ గారూ, ముందు ఆ రెండు కొటేషన్లూ మడిచి డ్రాయర్‌లో పెట్టండి. కొండాపూర్, గచ్చిబౌలి వైపు గేటెడ్ కమ్యూనిటీల పూల్స్ చూసుకుంటూ పదిహేనేళ్లయింది, ఇలా టైల్స్ పగలగొట్టించుకుని మళ్లీ లీక్ అవుతున్న పూల్స్ నాలుగు చూశాను, వాటిల్లో మూడింటికి లీక్ టైల్స్ దగ్గర కాదు, పైపులో.

ఇవాళే బకెట్ టెస్ట్ పెట్టండి, రూపాయి ఖర్చు లేదు. ప్లాస్టిక్ బకెట్‌లో పూల్ నీళ్లే పోసి, తేలిపోకుండా అడుగున ఒక రాయి వేసి పూల్ రెండో మెట్టు మీద పెట్టండి. బకెట్ లోపల నీళ్లు, బయట పూల్ నీళ్లు ఒకే ఎత్తులో ఉండాలి. రెండిటికీ గీత పెట్టండి. 24 గంటలు ఎవర్నీ దిగనివ్వొద్దు, బయటి నుంచి చుక్క నీళ్లు కలపొద్దు. ఆటోఫిల్ ఫ్లోట్ వాల్వ్ ఉంటే ముందు అది కట్టేయండి, చాలా చోట్ల అదే దొంగ, రాత్రంతా నింపేస్తూ ఉంటుంది, లీక్ ఉందన్న సంగతి బిల్లు వచ్చేదాకా తెలీదు. బకెట్‌లో తగ్గింది ఎండకి పోయింది. పూల్‌లో అంతకన్నా ఎక్కువ తగ్గినదంతా లీకే.

ఒక్కసారి చేసి ఊరుకోవద్దు. ఒక రోజు పంప్ 24 గంటలూ వేసి ఉంచి, మర్నాడు పూర్తిగా ఆపి, రెండు లెక్కలూ రాయండి. పంప్ తిరిగేటప్పుడు ఎక్కువ పోతే పంప్ తర్వాత ఉన్న లైను, అంటే ఫిల్టర్ నుంచి పూల్‌లోకి నీళ్లు తెచ్చే పైపులో గానీ మల్టీపోర్ట్ వాల్వ్‌లో గానీ ఉంది. ఆపినప్పుడు ఎక్కువ పోతే పంప్‌కి ముందున్న లాగుడు లైను, అప్పుడు పంప్ వేయగానే ఇన్‌లెట్ల దగ్గర బుడగలు కూడా వస్తాయి. రెండు రోజులూ ఒకేలా పోతే పూల్ ఒంట్లోనే, లేదా స్కిమ్మర్ (నీటి అంచు దగ్గర గోడలో ఉండి పై నీళ్లని పంప్‌కి లాగే డబ్బా), లైటు, మెయిన్ డ్రెయిన్ (పూల్ అడుగున నీళ్లు లాగే కన్నం) లాంటి వాటి అతుకుల్లో వెతకాలి.

లెక్క సులువు. మీ పూల్ పైభాగం 60 చదరపు మీటర్లు కాబట్టి ఒక మిల్లీమీటర్ దిగితే 60 లీటర్లు పోయినట్టు.

భీమవరం_కుర్రోడు

సార్, నీళ్లు మొత్తం తీయించేముందు ఒక్క మాట. మీది స్లాబ్ మీద ఉంది కాబట్టి ఆ భయం లేదనుకోండి, కానీ ఇది చదివే మిగతా వాళ్ల కోసం చెప్తున్నానండి. మా మావయ్య గారి గెస్ట్‌హౌస్‌లో ఫైబర్ పూల్ ఉంది, చుట్టూ చేపల చెరువులు, నాలుగడుగులు తవ్వితే నీళ్లే. ఆగస్టులో, వానల్లో, క్లీనింగ్ అని పూల్ ఖాళీ చేశారండి. తెల్లారేసరికి పూల్ మొత్తం పడవలా అడుగున్నర పైకి లేచి ఒక పక్కకి ఒరిగిపోయింది, పైపులన్నీ తెగిపోయాయి. లోపల నీళ్ల బరువు లేకపోతే కింద ఊట నీళ్లు తోసేస్తాయంట. కాంక్రీట్ పూల్ అయితే లేవకపోయినా పగిలే ప్రమాదం ఉందంట. మెయిన్ డ్రెయిన్ దగ్గర దానికోసమే ఒక వాల్వ్ పెడతారని తర్వాత తెలిసింది, మాకు పెట్టలేదు. మా వైపు వానాకాలంలో పూల్ ఖాళీ చేయమని ఎవరైనా అంటే గేటు దగ్గర నుంచే పంపించేయండి.

బెల్లందూర్_తెలుగు

బెంగళూరు నుంచి. 2024 మార్చిలో ఇక్కడ నీళ్ల కరువు వచ్చినప్పుడు పూల్స్‌లో తాగునీరు వాడితే 5,000 రూపాయల ఫైన్ అని వాటర్ బోర్డు ఆర్డర్ ఇచ్చింది. అప్పటిదాకా లీక్ గురించి నేనెన్ని మెయిల్స్ పెట్టినా చదవని మా కమిటీ ఒక్క వారంలో టెస్టింగ్ వాళ్లని పిలిచింది. మీ గ్రూపులో తిట్టే వాళ్లని తప్పు పట్టకండి, వాళ్ల వల్లే పని అవుతుంది.

ఇక అసలు విషయం. మీ ఆపరేటర్ టి.డి.ఎస్. (నీళ్లలో కరిగిన ఉప్పుల లెక్క) లాగ్‌బుక్ రాస్తున్నాడా? రాస్తుంటే ఫిబ్రవరి రీడింగ్, ఇప్పటి రీడింగ్ పోల్చండి. ఆవిరయ్యేది ఉత్త నీరే, ఉప్పులు కిందే ఉండిపోతాయి, కాబట్టి ఎండాకాలంలో పూల్ టి.డి.ఎస్. పెరుగుతూ పోవాలి. లీక్‌లో అయితే నీళ్లతో పాటు ఉప్పులూ పోతాయి, ఆ చోటికి మీరు పోసే ట్యాంకర్ నీళ్లు దానికన్నా పలచన. వాన పడకుండానే టి.డి.ఎస్. తగ్గిందంటే ఎవడో కింద నుంచి తాగేస్తున్నాడన్నమాటే. మా దగ్గర బకెట్ కంటే ముందు దీంతోనే పట్టుకున్నాం.

నిజాంపేట_సెక్రటరీ

థ్యాంక్స్ అందరికీ. లాగ్‌బుక్ తెప్పించాను. మూడు నెలలు క్లోరిన్ అంకె రోజూ ఒకటే, అంటే మా వాడు మంచం మీద పడుకుని రాశాడు, కానీ టి.డి.ఎస్. మాత్రం రసాయనాలు సప్లై చేసే వేరే కుర్రాడు మీటర్ పెట్టి చూసి రాశాడట. ఫిబ్రవరిలో 1900, ఇప్పుడు 1300. ట్యాంకర్ నీళ్లు 700. వాన ఒక్క చుక్క లేదు. బెల్లందూర్ గారూ, మీరు చెప్పింది చదవగానే ఒళ్లు జలదరించింది.

బకెట్ టెస్ట్ రెండు రోజులూ చేశాం. పంప్ ఆన్: బకెట్ 8 మి.మీ., పూల్ 37 మి.మీ. పంప్ ఆఫ్: బకెట్ 8, పూల్ 23. పిల్లల్ని రెండు రోజులు ఆపడానికి పడ్డ పాట్లు ఇక్కడ రాయలేను.

ఇప్పుడు నాకు అర్థం కానిది, పంప్ ఆన్‌లో ఎక్కువ పోతోంది, ఆపినా పోతోంది. మరి పైపులోనా, గోడలోనా?

పంపురూమ్_బాబాయ్

రెండు చోట్లా. మీ అదృష్టం అలా ఉంది మరి.

చూడండి. పంప్ ఆపినా ఆవిరి కాకుండా 15 మి.మీ. పోయింది, అంటే రోజుకి 900 లీటర్లు, ఇది ఒక లీక్. పంప్ వేస్తే దానిమీద ఇంకో 14 మి.మీ., 840 లీటర్లు, ఇది ఇంకోటి. ఒకటి బాగు చేసి రెండోది వదిలేస్తే, పని చేసినవాడు సరిగ్గా చేయలేదని మీరు వాడితో గొడవ పడి ఉండేవాళ్లు.

పంప్ లీక్ ముందు చూద్దాం, తేలిక. ఫిల్టర్ మీద మల్టీపోర్ట్ వాల్వ్ ఉంటుంది కదా, బ్యాక్‌వాష్, ఫిల్టర్, రిన్స్ అని తిప్పేది. దాని వేస్ట్ పైపు దగ్గర చిన్న గాజు బుడ్డి లాంటిది ఉంటుంది. హ్యాండిల్ ఫిల్టర్‌లో పెట్టి పంప్ వేసి ఆ గాజులో చూడండి. నీళ్లు కదలకూడదు. కదులుతుంటే లోపల స్పైడర్ గ్యాస్కెట్, అంటే సాలీడు కాళ్లలా ఉండే రబ్బరు సీలు పోయింది, ఫిల్టర్ అయిన నీళ్లలో కొంత నేరుగా డ్రైనేజీలోకి వెళ్తోంది. గంటకి 35 లీటర్లు అంటే పెద్ద బకెట్ నిండడానికి అరగంట పడుతుంది, సన్నటి ధార, ఆ పైపు భూమిలోకి దిగిపోయి ఉంటుంది కాబట్టి ఎవరికీ కనపడదు. పంప్ తిరుగుతుండగా హ్యాండిల్ తిప్పితే ఆ గ్యాస్కెట్ చిరుగుతుంది, మీ ఆపరేటర్ని అడగండి పంప్ ఆపి తిప్పుతున్నాడో లేదో. అడిగితే ఆపే తిప్పుతున్నా అనే అంటాడు, మీరే పక్కన నిలబడి చూడండి.

రెండోది కొంచెం ఓపికతో చేసేది. నీళ్లు పోయకుండా అలాగే దిగనివ్వండి, రోజూ అదే టైముకి గీత పెట్టండి. ఏ మట్టం దగ్గర దిగడం నెమ్మదిస్తుందో లీక్ ఆ ఎత్తులోనే ఉంటుంది. నా అనుమానం స్కిమ్మర్ మీద. ప్లాస్టిక్ డబ్బా, కాంక్రీట్ గోడ కలిసే చోట ఎండకి ఒకటి ఒకలా ఒకటి ఇంకోలా సాగుతాయి, తొమ్మిదేళ్లకి ఆ పుట్టీ విడిపోతుంది. జాగ్రత్త, నీళ్లు స్కిమ్మర్ మూతి కిందకి దిగే లోపే పంప్‌రూమ్‌లో స్కిమ్మర్ వాల్వ్ కట్టేసి మెయిన్ డ్రెయిన్ మీదే నడపండి, లేకపోతే పంప్ గాలి లాగి కాలిపోతుంది. ఈ నాలుగైదు రోజులూ క్లోరిన్ చేత్తో వేసి బ్రష్ కొట్టించండి, మే ఎండకి పచ్చబడటానికి రెండు రోజులు చాలు.

ప్లానో_బావగారు

డాలస్ పక్కన ప్లానో నుంచి. మా వైపు నల్లరేగడి లాంటి బంకమట్టే, వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది, పూల్ కదులుతుంది, పైపులు అతుకుల దగ్గర విడిపోతాయి. కాబట్టి లీక్ వెతకడమే పనిగా ఉన్న వాళ్లు దండిగా ఉన్నారు. నాకు వచ్చినాయన ప్రతి పైపుకీ రెండు చివర్లా రబ్బరు బిరడాలు బిగించి, లోపల ఓ 20 పి.ఎస్.ఐ. ప్రెజర్ ఎక్కించి, గేజ్ ముల్లు పడిపోతుందేమో చూశాడు. పడిపోయిన పైపు మీద నేలకి మైకు లాంటిది ఆనించి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని డాక్టర్ గుండె చూసినట్టు అడుగడుగూ వింటూ వెళ్లి, గడ్డిలో ఒక చోట జెండా గుచ్చాడు. అక్కడే తవ్వాం, అక్కడే ఉంది. రెండడుగుల గుంట, అంతే.

ఒకటి గమనించాను. ఆయన వెతకడానికి మాత్రమే డబ్బులు తీసుకున్నాడు, రిపేర్ వేరేవాళ్లతో చేయించుకో అన్నాడు. మీ దగ్గరేమో టైల్స్ అమ్మేవాడే లీక్ చూడ్డానికి వచ్చాడు. టైల్స్ అమ్మేవాడికి లీక్ టైల్స్‌లోనే కనపడుతుంది బావా.

సెల్లార్_స్లాట్_41

సెక్రటరీ గారూ, నేను మీ ఫొటోల బాధితుణ్ణే. ఈ థ్రెడ్ నా కంట పడదనుకున్నారా 😄 ఒక సమాచారం ఇస్తాను. చుక్కలు పడేది సరిగ్గా స్కిమ్మర్ ఉన్న మూల కింద. లైట్లున్న గోడ కింద పొడిగా ఉంది. మొక్కల తొట్టెల నుంచి కారుతోందని మీ ముందున్న సెక్రటరీ ఒక సంవత్సరం నన్ను నమ్మించాడు, నిన్న ఆ చుక్కలు గ్లాసులో పట్టి పూల్ టెస్ట్ కిట్‌లో చుక్క వేస్తే కొంచెం పసుపు తిరిగింది. మొక్కలకి క్లోరిన్ పోస్తున్నారా మరి?

పంపురూమ్_బాబాయ్

41 గారూ, మీరు మా ఫీల్డ్‌లోకి వచ్చేయండి. అయితే ఒకటి, పసుపు తిరగకపోయినా పూల్ నీళ్లు కాదని చెప్పలేం. కాంక్రీట్ గుండా వచ్చేసరికి క్లోరిన్ చాలావరకు పోతుంది.

నిజాంపేట_సెక్రటరీ

అప్‌డేట్. ఆలస్యానికి సారీ, ఆఫీసులో ఆడిట్.

మల్టీపోర్ట్ గాజులో నీళ్లు ఏరులా కదులుతున్నాయి. గ్యాస్కెట్ విప్పి చూస్తే ఒక కాలు దగ్గర తెగిపోయి ఉంది. కొత్తది, కూలితో కలిపి 2,200. ఆపరేటర్ పంప్ ఆపకుండానే తిప్పేవాడు, అడిగితే మాత్రం బాబాయ్ చెప్పిన సమాధానమే చెప్పాడు, అక్షరం తేడా లేదు.

తర్వాత నీళ్లు దిగనిచ్చాం. మొదటి ఐదు రోజులు 22, 23, 23, 22, 21. ఆరో రోజు 17. స్కిమ్మర్ మూతి కింది అంచు దాటాక ఏడో రోజు 8, బకెట్‌తో సమానం! ఇంకో రెండు రోజులకి సెల్లార్‌లో చుక్కలు కూడా ఆగిపోయాయి. 41 ఆయన స్వీట్స్ పంపించాడు.

ఇప్పుడు స్కిమ్మర్ చుట్టూ సిమెంట్ పూయించేయమంటారా?

పంపురూమ్_బాబాయ్

ఆగండాగండి. నీళ్లు మూతి కిందకి దిగాక స్కిమ్మర్ డబ్బాకే కాదు, దాని నుంచి పంప్‌కి వెళ్లే పైపుకి కూడా పూల్‌తో సంబంధం తెగిపోయింది. కాబట్టి లీక్ మూతి అతుకులో ఉందా, డబ్బా అడుగున పైపులో ఉందా అన్నది ఇంకా తేలలేదు. మళ్లీ మూతి సగందాకా నింపి, పంప్ ఆపి, నీళ్లు కదలకుండా అరగంట వదిలేయండి. మెడికల్ షాపులో సిరంజి, కిరాణా కొట్లో ఎర్ర ఫుడ్ కలర్ తెచ్చుకోండి. సూది తీసేసి రంగు నింపి, మూతి అంచుకి అంగుళం దూరంలో మెల్లగా, చేయి కదలకుండా ఒక్క చుక్క వదలండి. పగులుంటే రంగు పొగలా లోపలికి లాక్కుపోతుంది, లేకపోతే అక్కడక్కడే తేలుతుంది. నాలుగు మూలలూ చూడండి. ఏమీ లాగకపోతే డబ్బా అడుగున పైపు కన్నంలో రబ్బరు బిరడా పెట్టి, డబ్బాలో మట్టం నిలుస్తుందో లేదో చూడటమే.

అతుకే అయితే సిమెంట్ వద్దు, ప్లాస్టిక్‌కి సిమెంట్ అంటుకోదు, రెండు నెలల్లో పెచ్చులూడుతుంది. పాత పుట్టీ మొత్తం చెక్కి తీసి పూల్ ఎపాక్సీ పుట్టీ రెండు ముద్దలు కలిపి గట్టిగా నొక్కి నింపాలి. నీళ్లలో కూడా గట్టిపడే రకం దొరుకుతుంది, కానీ మీకు నీళ్లు ఎలాగూ కిందకి దించే వీలుంది కాబట్టి ఆరబెట్టి చేయించుకోండి.

మణికొండ_గృహలక్ష్మి

మధ్యలో వస్తున్నందుకు సారీ, ఆ తెల్ల గార సంగతి ఎవరూ చెప్పలేదు. మాకూ అదే ఉంది, మా వాచ్‌మన్ బాత్రూమ్ యాసిడ్ పోసి రుద్దుతానంటున్నాడు. చేయనివ్వొచ్చా అండీ?

పంపురూమ్_బాబాయ్

వద్దమ్మా, ముందు ఆ సీసా లాక్కోండి. మన బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు గట్టి నీళ్లు. నీరు ఆవిరయ్యే చోట, అంటే నీటి అంచు దగ్గర సున్నం పేరుకుంటుంది, పి.హెచ్. 7.8 దాటితే ఇంకా త్వరగా పేరుకుంటుంది. యాసిడ్ సున్నాన్ని తింటుంది నిజమే, కానీ టైల్స్ మధ్య సిమెంట్ గ్రౌట్ కూడా దానికి తిండే. ఏటా యాసిడ్ వాష్ కొట్టించే పూల్స్‌లో టైల్స్ మధ్య వేలు పట్టేంత గాడి పడిపోయి ఉంటుంది, ఆ గాడిలో నల్ల పాచి చేరితే ఇక ఎంత క్లోరిన్ వేసినా పోదు. వాచ్‌మన్‌కి చెప్పండి, నీళ్లు ఒక జానెడు దించి, నిమ్మఉప్పు వేడి నీళ్లలో కలిపి గుడ్డతో పట్టించి పావుగంట ఆగి నైలాన్ బ్రష్‌తో రుద్దమని. మొండిగా ఉన్న చోట ప్యూమిస్ రాయి తడిపి రుద్దొచ్చు, గాజు మొజాయిక్ అయితే ఆ రాయి వద్దు, గీతలు పడతాయి. ఆ తర్వాత పి.హెచ్. 7.2 నుంచి 7.6 మధ్య ఉంచుకుంటే మళ్లీ అంత త్వరగా రాదు.

ఇంకోటి, ఇది సరదా కాదు. యాసిడ్ డబ్బా, క్లోరిన్ డబ్బా పంప్‌రూమ్‌లో పక్కపక్కన పెట్టొద్దు, ఒకే మగ్గు రెండిటికీ వాడొద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. మా కుర్రాడొకడు యాసిడ్ కొలిచిన మగ్గుతోనే క్లోరిన్ తీశాడు, అడుగున మిగిలిన గుక్కెడు యాసిడ్ చాలింది, మూడు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. ఇప్పటికీ మెట్లెక్కితే ఆయాసం వాడికి.

నిజాంపేట_సెక్రటరీ

రంగు టెస్ట్ చేశాం. కుడి పక్క కింద మూల, ఎర్ర రంగు సన్నటి దారంలా లోపలికి వెళ్లిపోయింది, చుట్టూ నిలబడ్డ పిల్లలంతా ఒకటే కేకలు. అనుమానం తీరడానికి ప్రెజర్ టెస్ట్ వాళ్లని కూడా పిలిచాం, పైపులన్నీ నిలిచాయి, 14,000 తీసుకున్నారు. ఎపాక్సీ పుట్టీ, పనివాడు, నింపడానికి ట్యాంకర్లు రెండు, మొత్తం ఇంకో 9,000 దాకా. నిన్న మళ్లీ బకెట్ పెట్టాం. బకెట్ 8, పూల్ 9. ఆ ఒక్క మిల్లీమీటర్ గురించి కూడా గ్రూపులో ఒకాయన అడిగాడు.

పంపురూమ్_బాబాయ్

గీత మందం అని చెప్పండి ఆయనకి. నెల తర్వాత ఇంకోసారి బకెట్ పెట్టండి, ఆ పుట్టీ ఎండకీ వానకీ ఎలా నిలిచిందో చూద్దురు. ప్రెజర్ టెస్ట్ డబ్బులు దండగ అనుకోవద్దు, ఆ కాగితం ఫైల్‌లో పెట్టుకోండి, వచ్చే సెక్రటరీకి ఎవడైనా 9.5 లక్షల కొటేషన్ తెస్తే పనికొస్తుంది.

సెల్లార్_స్లాట్_41

అంతా బాగుంది గానీ నా కారు బానెట్ మీద ఆ చుక్కల తెల్ల మచ్చలు అలాగే ఉన్నాయి. వాటర్ వాష్‌కి పోలేదు. అసోసియేషన్ డబ్బులతో పాలిష్ చేయిస్తారా?

ప్లానో_బావగారు

అది కాంక్రీట్ సున్నం. వెనిగర్‌లో సగానికి సగం నీళ్లు కలిపి గుడ్డ తడిపి మచ్చ మీద ఐదు నిమిషాలు కప్పి ఉంచి కడిగేయండి, రుద్దొద్దు. రెండు మూడు సార్లు చేయాల్సి రావచ్చు. పెయింట్ లోపలికి తినేసి ఉంటే మాత్రం పాలిషే. ముందు బానెట్ మూల చిన్న మచ్చ మీద చేసి చూడండి.

నిజాంపేట_సెక్రటరీ

వెనిగర్ సీసా అసోసియేషన్ ఖాతాలో రాస్తాను 41 గారూ. పాలిష్ సంగతి ఏజీఎంలో మాట్లాడదాం, మీరు మీటింగ్‌కి వస్తే.